బియాలా ఇచ్చిన దోనె

పందొమ్మిది వందల యాభై ఆరు వసంతంలో దుంగాలా నది పొంగినప్పుడు, గూడబాతుల వంపులో ఉన్న పదకొండు గుడిసెలూ ఇసుకదిబ్బ మీద ఉండబట్టి బతికిపోయాయి. దిబ్బ చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. ప్రభుత్వం పటాల్లో ఆ నది పేరు మర్రీ. దిబ్బ మీది యోర్టా యోర్టా ఆదివాసులు మాత్రం నదిని తాతల నాటి పేరుతోనే పిలుస్తారు. నది పొడుగునా నిలబడి ఉండే ఎర్ర నీలగిరి మానుని కూడా అంతే. దాన్ని బియాలా అంటారు.

సెల్విన్ ఆ మానుల్ని పడగొట్టి బతికేవాడు. పద్దెనిమిదో ఏట గొడ్డలి పట్టాడు, ఇప్పుడు నలభై రెండేళ్ళు. బియాలా చెక్క పచ్చి మాంసంలా ఎర్రగా ఉంటుంది. నీళ్ళలో నానినా కుళ్ళదు, చెదలు దాని జోలికి రావు. అందుకే రైలు పట్టాల కింద పరిచే స్లీపర్లన్నీ దాంతోనే చేయిస్తారు. సెల్విన్, అతని భార్య ఎథెల్ తమ్ముడు మెర్వ్, ఇద్దరూ అడవిలో మూడు మైళ్ళ లోపల ఒక మిట్ట మీద డేరా వేసుకుని స్లీపర్లు చెక్కేవాళ్ళు.

శనివారం నాడు పిండీ, టీ ఆకూ తెచ్చుకుందామని సెల్విన్ ఒక్కడే పడవ వేసుకుని దిబ్బకి వచ్చాడు. మెర్వ్ డేరా దగ్గరే ఉన్నాడు, సోమవారం పొద్దున వెనక్కి వెళ్ళాలి. ఆదివారం ఎగువన ఎక్కడో గట్టు తెగింది. తెల్లారేసరికి నీళ్ళు మూరెడు లేచాయి, కొట్టుకొచ్చిన దుంగ ఒకటి తగిలి పడవ కట్టు తెంపుకుని పోయింది. దిబ్బకంతటికీ ఉన్న పడవ అదొక్కటే. నడుం లోతు నీళ్ళలో ఈదీ నడిచీ ఒకతను పట్నం దాకా వెళ్ళి కబురు చెబితే, పడవలన్నీ కరకట్ట పనిలో ఉన్నాయి, గురువారం దాకా ఏదీ రావడం కుదరదు అన్నారట.

"వాడికి ఈత రాదు," అంది ఎథెల్. సోమవారం నించీ ఆమె అదొక్క మాటే అంటోంది. "ఏటి ఒడ్డున పుట్టి ఈత రానివాడు ప్రపంచం మొత్తం మీద మా తమ్ముడొక్కడే."

అయినా అడవి మీంచి పొద్దునా సాయంత్రం సన్నగా పొగ లేచేది. ఆ పొగ చూసుకునే ఆమె ధైర్యం తెచ్చుకునేది. మంగళవారం పొద్దున పొగ లేవలేదు. పొద్దెక్కినా లేవలేదు.

అడవి వైపు నీళ్ళు లోతు, ఈదుకుంటూ పోయినా మెర్వ్‌ని వెనక్కి తేలేడు. సెల్విన్ చేతనైనవన్నీ చేసి చూశాడు. కప్పు రేకు ఒకటి ఊడదీసి, రెండు కొసలూ మడిచి, తారు పూసి నీళ్ళలోకి తోశాడు. మేకుల కన్నాల్లోంచి నీళ్ళు పిచికారీ కొట్టినట్టు వచ్చి అది పది బారలు కూడా పోకుండానే మునిగిపోయింది. తెప్ప కడదామంటే, దిబ్బ మీద ఉన్న దుంగలన్నీ బియాలావే. పచ్చి బియాలా దుంగ నీళ్ళలో వేస్తే రాయిలా అడుక్కి పోతుంది. ఆ సంగతి అతనికంటే ఎవరికి తెలుసు?

తడిసిన బట్టలతో ఒడ్డున కూలబడి ఉన్నవాడి దగ్గరకి మేనత్త హెస్సీ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. చేతిలో టీ కప్పు, నోట్లో చల్లారిపోయిన పైపు.

"ఏం రా, రేకు పడవలు వేసి ఆడుకుంటున్నావా? చిన్నప్పుడు చాల్లేదా?"

"అత్తా, నీ వేళాకోళానికి ఇదా సమయం?"

"వేళాకోళం కాదు రా. ఇరవై నాలుగేళ్ళు బియాలాని కొట్టి తిన్నావు. ఇప్పుడు దోనె కావాలంటే రేకు దగ్గరకి పోయావు. నా బాధ అది." ఆమె టీ కప్పు అతని చేతిలో పెట్టింది. "ఇది తాగు. తాగి గొడ్డలి నూరు. ఇది ఏ నెలో చూడు. ఎండ పడుతోంది, కింద నీళ్ళున్నాయి. బెరడు కింద రసం పారుతూ ఉంటుంది. ఇప్పుడు గనక పట్టి లాగితే తడి చొక్కాలా ఊడొస్తుంది."

సెల్విన్ ఆమె మొహంలోకి చూశాడు. "బెరడు దోనె నువ్వెప్పుడైనా చేశావా?"

"నేను చెయ్యలేదు. మా తాత చేస్తుంటే చూశాను."

"అప్పటికి నీకెన్నేళ్ళు?"

"ఆరో ఏడో."

"అత్తా..."

"ఏం? ఆరేళ్ళ పిల్లకి కళ్ళుండవా?" అంది హెస్సీ. కానీ గొంతులో ధీమా అంతగా లేదు. ఆ దోనె చేసిన మరుసటేడే ఆమెని తెల్లవాళ్ళ మిషన్ బడిలో వేశారు. అక్కడ ఇలాంటివి పాతకాలం మురికి అన్నారు, మాట్లాడితే బెత్తం. అరవై ఐదేళ్ళుగా ఆమె ఆ దోనె సంగతి ఎవరితోనూ అనలేదు.

మొదటి మానుని సెల్విన్ తనకి తోచినట్టు ఎంచాడు. నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా, కొడితే పన్నెండు స్లీపర్లు వచ్చే మాను. బోదెకి మెట్టు నరుక్కుని ఎక్కి, రెండు బారల పొడుగున బెరడు చుట్టూ గీత నరికాడు. కర్ర మేకు పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. బెరడు టప్పున నిలువునా చీలింది.

కిందనించి హెస్సీ తిట్టడం మొదలెట్టింది. "ఎవరి మీద రా నీ కోపం? అది శత్రువా? పడగొట్టి పడగొట్టి నీ చేతులకి అదొక్కటే వచ్చు. మానుని చంపకుండా దాని దగ్గర తీసుకోవాలిరా, దున్నపోతా!"

"మరి ఎలా తీసుకోవాలో ముందే చెప్పొచ్చు కదా!"

"గుర్తు రావద్దూ!" అని అరిచింది ముసలమ్మ. అరిచాక నోటి మీద చెయ్యి వేసుకుంది.

ఎథెల్ కింద చీలిన బెరడు ముక్క ఏరి ఒక పక్కన పెట్టింది. ఏడవడం కూడా మానేసింది అప్పటికి.

హెస్సీ చీలమండల లోతు నీళ్ళలో దిబ్బ అంచు వెంబడి నడవడం మొదలుపెట్టింది. ఒక్కో మాను దగ్గరా ఆగుతోంది. అరచేత్తో చరిచి వింటోంది. పైకి చూసి తల అడ్డంగా ఊపి ముందుకి పోతోంది. కొమ్మ రాలిన కన్నం ఉంటే అక్కర్లేదు. చిలకలు గూడు పెట్టిన తొర్ర ఉంటే అక్కర్లేదు. చివరికి నీళ్ళ మీదకి వంగి ఉన్న ఒక పాత మాను దగ్గర ఆగింది. బోదె మధ్యలో విల్లులా బయటకి వంపు తిరిగి ఉంది.

"నిటారు మాను స్లీపర్లకి," అంది మెల్లగా. "దోనెకి వంగిన మాను. వంపు బయట పక్క తీస్తే ముందూ వెనకా కొసలు వాటంతటవే పైకి లేస్తాయి. అవునురా, తాత కూడా ఇలా వంగిన దాన్నే తీశాడు. నేను దాని మీద కూచుని కాళ్ళు ఊపుతుంటే దిగమని కసిరాడు."

ఈసారి సెల్విన్ గొడ్డలిని బరువుతో వెయ్యలేదు. చెక్క తగిలే దాకా బెరడుని చిన్న చిన్న దెబ్బలతో కోశాడు. గీత పొడుగునా తడి ఊరింది. హెస్సీ సుత్తి లాగేసుకుంది. మేకుల్ని గుప్పిటతో పొడిచి లోపలికి తొయ్యమంది. ఒక పక్క జానెడు, మళ్ళీ అవతలి పక్క జానెడు. మేకు వెనక మేకు. ఎథెల్ దుప్పట్లు చింపి తాళ్ళు పేని, బెరడు ఒక్కసారిగా పడిపోకుండా పై కొమ్మకి వేసి పట్టుకుంది. దిబ్బ మీది ఆడవాళ్ళు ఇంకో నలుగురు వచ్చి తాడు అందుకున్నారు.

లోపల్నించి చప్పరించినట్టు చప్పుడైంది. సెల్విన్ చెయ్యి బెరడు కిందకి పోనిచ్చాడు. జారుడుగా, చల్లగా ఉంది. ఇరవై నాలుగేళ్ళలో బతికున్న మానుని అలా తాకడం అదే మొదటిసారి. అతను తాకిందల్లా పడిపోయిన దాన్నే.

"వస్తోంది," అన్నాడు గొంతు తగ్గించి.

"గట్టిగా ఊపిరి కూడా పీల్చకు," అంది హెస్సీ.

రెండున్నర బారల బెరడు, రెండు వేళ్ళ మందం, ఎక్కడా చీలకుండా ఊడి తాళ్ళ మీద ఊగింది. దాన్ని చంటిబిడ్డని దించినట్టు దించారు. చెట్టు మీద పడవ ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. చూస్తుండగానే అంచుల్లో ఎర్రటి చుక్కలు లేచాయి.

ఇక్కడ మళ్ళీ హెస్సీకి అనుమానం. ముందు అడ్డకర్రలు పెట్టి నిప్పు సెగ చూపాలా, సెగ చూపించాక కర్రలు పెట్టాలా? కళ్ళు మూసుకుని నిలబడింది. ఆమె చేతులు మాత్రం ఊరుకోలేదు, గాల్లోనే దేన్నో విడదీస్తున్నట్టు కదిలాయి. సెల్విన్ ఆ చేతుల్ని చూశాడు.

"కర్రలే ముందు, అత్తా. నీ చేతులు చెబుతున్నాయి."

అడ్డకర్రలు బిగించి, బియాలా ఆకులు వేసిన మంట మీద దోనెని అటూ ఇటూ తిప్పారు. ఆకుల ఘాటుకి అందరి కళ్ళూ నీళ్ళు కారాయి. పచ్చి బెరడు సెగకి బిగుసుకుని గిన్నెలా గట్టిపడింది. రెండు కొసల్లో బంకమట్టి మెత్తారు. మధ్యాహ్నం మూడు దాటింది. దోనెని నీళ్ళలోకి తోస్తే ఎండుటాకులా తేలింది.

హెస్సీ ఒడ్డున మోకాళ్ళ మీద కూచుని, దోనె అంచు పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. "నాలోనే ఉంది రా," అంది. "బెత్తాలు తిన్నా పోలేదు. ఇన్నాళ్ళూ నాలోనే ఉంది."

తరవాత ముక్కు చీదుకుని, "నిలబడకు. నువ్వు మా తాతవి కావు. మోకాళ్ళ మీద కూచో, గెడ మెల్లిగా వెయ్యి. చీకటి పడకముందే రా," అంది.

అడవంతా నీళ్ళలో నిలబడి ఉంది. గెడ వేస్తే దోనె నెమ్మదిగా మానుల మధ్య నించి పోతోంది. సెల్విన్‌కి ఆ దారి కొట్టినపిండి, కాకపోతే నేల మీద. నీళ్ళ మీద అదే అడవి వేరేగా ఉంది. మొదళ్ళు నీళ్ళలో ఉన్నా మానులకి ఏ బాధా లేదు. పైన ఎర్రటి చిగుళ్ళు వేస్తున్నాయి. ఈ నీళ్ళు మనకే వరద, వాటికి అన్నం, అనేది హెస్సీ. అతనికి భయమల్లా మొద్దులతోనే. తను నరికిన మానుల మొద్దులు నీళ్ళ కింద ఎక్కడున్నాయో కనపడవు. రెండుసార్లు అడుగు గీసుకుంది. మూడోసారి ఆగిపోయి ఒక పక్కకి ఒరిగింది. గెడతో నెమ్మదిగా నెట్టుకుని బయటపడ్డాడు. తన గొడ్డలి పనే తనకి అడ్డం పడుతుంటే ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

మిట్ట దగ్గరికి వచ్చాక డేరా కనిపించలేదు. మిట్ట కూడా లేదు. పేర్చిన స్లీపర్ల దొంతర ఒక్కటి నీళ్ళలోంచి మోకాలెత్తు పైకి కనిపిస్తోంది. దాని మీద మెర్వ్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

సెల్విన్ గెడ వెయ్యడం మర్చిపోయాడు.

"పిండి తెచ్చావా?" అంది ఆ శవం.

"ఒరే!"

"శనివారం పోయినవాడివి మంగళవారం వచ్చావు. పిండి మర్చిపోయావని చెప్పావంటే నేనిక్కడే ఉండిపోతాను." మెర్వ్ తల తిప్పి దోనెని చూశాడు. నవ్వు ఆగిపోయింది. "బావా... నువ్వు దేంట్లో వచ్చావు?"

"బెరడు దోనె. మా అత్త చేయించింది."

"ఇంకా చేస్తారా అవి?"

"ఇవాళ్టి నించీ చేస్తారు. లే, ఎక్కు."

"లేవలేను, బావా." అప్పుడు చూశాడు సెల్విన్, అతని ఎడమ కాలు మోకాలి కింద ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. నిన్న సాయంత్రం చినుకు లేదు, గాలి లేదు, పైనించి కొమ్మొకటి తనంతట తనే విరిగి కాలి మీద పడిందట. బియాలాకి ఆ గుణం ఉంది, చెప్పాపెట్టకుండా కొమ్మ వదిలేస్తుంది. మెర్వ్ మోచేతుల మీద పాకి దొంతర ఎక్కాడు. అగ్గిపెట్టె తడిసిపోయింది. అందుకే పొగ లేదు. కాలి మీద తెగిన చోట ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది.

"రక్తమా అది?"

"కాదు, బంక. స్లీపర్ల మీద కారి ఉంటే గోకి, నీళ్ళలో నానబెట్టి పూశాను. మా అమ్మ కాలిన పుండ్లకి పూసేది కదా. భలే మంట పుట్టిందిలే. కానీ రక్తం ఆగింది."

సెల్విన్ దగ్గర్లో ఉన్న లేత మాను మీంచి సన్నటి బెరడు దొన్నెలా తీశాడు. పొద్దున్నైతే అతనికి ఆ పని వచ్చేది కాదు. కాలుని దాంట్లో పెట్టి చొక్కా చింపి కట్టాడు. కట్టేటప్పుడు మెర్వ్ అరిచిన అరుపుకి తెల్లచిలకల గుంపు మొత్తం లేచిపోయింది.

ఇద్దరూ ఎక్కేసరికి దోనె అంచు నీళ్ళకి మూడు వేళ్ళ ఎత్తున ఉంది. మెర్వ్ వెల్లకిలా పడుకుని టీ మగ్గుతో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. సగం దారిలో ముందు కొస మట్టి కరగడం మొదలెట్టింది. నీళ్ళు ధారగా లోపలికి వస్తున్నాయి.

"బావా, నాకు ఈత రాదని గుర్తుందా?"

"మీ అక్క గంటకోసారి గుర్తు చేసింది. నీ చొక్కా తీసి కుక్కు."

"కొత్త చొక్కా ఇది!"

"మెర్వ్!"

కుక్కాడు. చొక్కా మీద మడమ వేసి, బాగున్న కాలితో దిబ్బ చేరేదాకా తొక్కిపట్టి ఉంచాడు. ఆ పూట గాలి వీచలేదు. ఒక్క అల లేచినా ఇద్దరూ మునిగేవాళ్ళే. పొద్దు మానుల నడుమకి దిగే వేళకి దిబ్బ మీద నిలబడ్డ మనుషులు కనిపించారు. ఎథెల్ నడుం లోతు నీళ్ళలోకి వచ్చేసింది. తమ్ముణ్ణి చూసి, భుజాలు పట్టి కుదిపి, చెంప మీద ఒకటి వేసి, ఆ చెంపనే గుండెలకి అదుముకుంది.

"దెబ్బలు తర్వాత కొట్టు అక్కా, కాలు విరిగింది," అన్నాడు మెర్వ్.

గురువారం మధ్యాహ్నం పట్నం పడవ వచ్చి మెర్వ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎముక అతుక్కుంటుంది, కాస్త కుంటుతాడు అన్నారు. కట్టు ఎవరు కట్టారని డాక్టరు అడిగితే, మా బావ, కానీ బెరడు మాత్రం మానుది అన్నాడట.

ఆ తరవాతి వారం కోల్మన్ వచ్చాడు. అటవీశాఖ తరఫున ఏ మాను కొట్టాలో గుర్తు పెట్టే తెల్లవాడు. అడవి ఎంత మునిగిందో చూసుకోవడానికి మోటారు పడవలో తిరుగుతున్నాడు. వంగిన మాను దగ్గర పడవ ఆపి, మచ్చ చూసి, జేబులోంచి సుద్ద తీశాడు.

"ఇది పాడైపోయినట్టే సెల్విన్. నీళ్ళు తియ్యగానే కొట్టేయ్."

సెల్విన్ అతనితో ఏనాడూ ఎదురు మాట్లాడలేదు. "ఇది కొట్టను," అన్నాడు.

"బెరడు పోయిన మాను చస్తుందయ్యా. నీకు నేను చెప్పాలా?"

"చుట్టూ పోతే చస్తుంది. ఒక పక్కే తీశాం. అవతలి పక్కనించి రసం పోతూనే ఉంది, పైన చిగురు చూడండి. అంచులు లోపలికి ముడుచుకుంటాయి. యాభై అరవై ఏళ్ళు పట్టొచ్చు, పడితే పట్టింది." ఊపిరి తీసుకున్నాడు. "నా బావమరిదిని ఇచ్చింది ఇది. మిగతావి ఏవి చెబితే అవి కొడతాను. దీని మీద గుర్తు పెట్టకండి."

కోల్మన్ మచ్చ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తడిగా ఉంది. సుద్ద జేబులో వేసుకుని, "నాకిది కనపడలేదు," అని పడవ తిప్పుకున్నాడు.

అతను వెళ్ళిపోయాక సెల్విన్ మాను దగ్గరే ఉండిపోయాడు. ఏదైనా చెప్పాలనిపించింది. ఎన్ని వేల మానుల్ని నేల కూల్చాడో లెక్క లేదు, ఒక్కదానితోనూ మాట్లాడలేదు. మొహమాటంగా అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరనుకుని, నుదురు బెరడుకి ఆనించి, "నీ మేలు మర్చిపోను," అన్నాడు.

"గట్టిగా చెప్పు, దానికి చెవుడు," అంది వెనకనించి హెస్సీ.

అతను ఉలిక్కిపడి సిగ్గుతో నవ్వేశాడు. ఆమె తలకి మంచి రుమాలు కట్టుకుంది, చేతిలో బుట్ట ఉంది. దోనె ఒడ్డునే బోర్లించి ఉంది, కొసల్లో కొత్త మట్టి పెట్టి.

"నల్ల హంసలు గుడ్లు పెట్టి ఉంటాయి. నన్ను తీసుకుపో."

"అత్తా, నీ వయసెంత, ఆ దోనె ఎంత!"

"నిన్న రెండు దున్నపోతుల్ని మోసింది. నన్ను మొయ్యదా?"

"నిన్న కాదు, పోయిన వారం."

"నాకు నిన్నలాగే ఉంది," అంది. అనేసి దోనె పక్కన నిలబడి చెయ్యి చాచింది.

సెల్విన్ ఆమెని ఎత్తి మధ్యలో కూచోబెట్టాడు. కట్టెపుల్లంత తేలిక. గెడ వేశాడు. దోనె మానుల మధ్యకి జారింది. హెస్సీ మొదట రెండు అంచులూ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ తరవాత దగ్గరకి వచ్చిన ప్రతి మానుని అరచేత్తో ముట్టుకుంటూ, తాత మాట్లాడిన భాషలో ఏదో చెబుతూ పోయింది. సెల్విన్‌కి అందులో సగం తెలుసు, సగం తెలియదు.

"ఏమంటున్నావు వాటితో?"

"ఉన్నారు కదా, అంటున్నాను. ఇంకా ఉన్నారు, సంతోషం, అంటున్నాను." ఆమె నీళ్ళ కేసి చూపించింది. ఆవగింజ కంటే చిన్న గింజలు, మానుల మీంచి రాలినవి, నురుగుతో కలిసి ఒడ్డు వైపు తేలిపోతున్నాయి. "వేసంగి మొదట్లో ఈ నీళ్ళు తీస్తాయి. తీసిన గీత వెంబడి పిల్ల బియాలాలు పచ్చిక మొలిచినట్టు మొలుస్తాయి. మెర్వ్‌ని తీసుకొచ్చి చూపించు. కుంటుతూనైనా సరే రమ్మను."

రెల్లు పొదల దగ్గర హంస గూడు కనిపించింది. అయిదు గుడ్లున్నాయి. హెస్సీ రెండు తీసి బుట్టలో పెట్టుకుంది, మూడు వదిలేసింది.

"పోనీ ఇంకోటి తీసుకో అత్తా, ఎథెల్‌కి ఇష్టం."

"చాలు," అంది ఆమె. "అటు పోనివ్వు, ఆ ఎండలోకి."

సెల్విన్ గెడని మెల్లిగా దింపి, దోనెని ఎండ పడుతున్న వైపుకి తిప్పాడు.